ధర అడిగితే నంబరు అడుగుతున్నారు!
కొట్టు దాటినా వదలని పిలుపులు – పల్లె జనానికి కొత్త తంటా

సామర్లకోట: బేరానికి కొట్టు మెట్లెక్కిన మనిషిని వెనుకటి రోజుల్లో ‘ఏ ఊరు బాబూ?’ అని అడిగేవారు. ఊరు పేరు చెబితే ఆ ఊళ్లో తమకు తెలిసినవారి పేర్లు నాలుగు చెప్పి, కూర్చోబెట్టి, సోడా తెప్పించి, ఆ తర్వాత సరుకు చూపించేవారు. ఇప్పుడు ఆ ప్రశ్న మారిపోయింది. వస్తువు చూడకముందే, ధర తెలియకముందే ‘మీ ఫోన్ నంబర్ చెప్పండి సార్’ అంటున్నారు. చెప్పినవారు ఇంటికి చేరకముందే ఫోను మోగుతోంది.

వేట్లపాలెం, మేడపాడు, ఉండూరు వంటి గ్రామాలవారు చిన్నాచితకా సరుకులకు సామర్లకోట వస్తారు. కాస్త పెద్దవైతే పెద్దాపురం, పెళ్లి బట్టలు, బంగారం, యంత్రాలు అయితే కాకినాడ వెళ్తారు. ఒక కొట్టులో ధర విని అక్కడే కొనేయడం మన ప్రాంతంలో లేదు. నాలుగు కొట్లు తిరిగి, ఇంటికి వచ్చి, ఆడవాళ్లతో ఒక మాట అనుకుని, అప్పుడు కొనడం పెద్దల నాటి నుంచి ఉన్న మంచి అలవాటు. ఈ అలవాటే ఇప్పుడు తిప్పలు తెచ్చిపెడుతోంది. నాలుగు కొట్లు తిరిగితే నాలుగు చోట్ల నంబరు పడుతుంది. కొనేది ఒక చోటే కాబట్టి, మిగిలిన మూడు కొట్లవారు వెంటపడతారు.

మేడపాడు వైపు రైతు ఒకాయన పొలం గట్ల మీద గడ్డి కోసే మిషను కొందామని బయల్దేరారు. కాకినాడలో మూడు కొట్లు తిరిగారు. మూడు చోట్లా పుస్తకంలో పేరు, నంబరు రాయించుకున్నారు. ఇంటర్ చదివే కొడుకు ఊరుకోక, ఫోనులో కూడా ధర చూద్దామని వెతికి, ‘మంచి ధర కావాలా’ అన్న బొత్తాము నొక్కి తండ్రి నంబరు కొట్టాడు. ఇక చూడండి. కాకినాడ నుంచే కాదు, ఆయన ఎన్నడూ పేరు వినని ఊళ్ల నుంచి కూడా ఫోన్లు. మిషను కావాలా, స్ప్రేయరు కావాలా, పవర్ టిల్లరుకు అప్పు కావాలా అంటూ వరుస. ఆయన మిషను కొని, దానితో రెండు మడుల గట్లు శుభ్రం చేసుకున్న తర్వాత కూడా ఆ ఫోన్లు ఆగలేదు.

“కొనేశానండీ బాబూ అంటే, ‘అయితే ఎంతకు కొన్నారు సార్, మేము ఇంకా తగ్గించి ఇచ్చేవాళ్లం’ అంటున్నాడండి. ఇక వాడితో ఏం మాట్లాడతాం?” అని ఆయన ఈ విలేఖరితో అన్నారు.

ఇందులో నవ్వులాటకు ఏమీ లేదు. విసిగిపోయిన ఆ రైతు కొత్త నంబరు నుంచి వచ్చే ఫోను ఏదైనా ఎత్తడం మానేశారు. అదే వారంలో ధాన్యానికి గోనె సంచులు వచ్చాయని ఊళ్లో రైతు సేవా కేంద్రం నుంచి చేసిన ఫోను కూడా ఆయన ఎత్తలేదు. అది కూడా తెలియని నంబరే గదా! పక్క పొలం వారు సంచులు తెచ్చుకుంటుంటే చూసి ఆయన పరుగెత్తవలసి వచ్చింది. అప్పటికి సంచులు అయిపోయాయి. మరో విడత సంచుల కోసం ధాన్యం కళ్లంలోనే పెట్టుకుని, రాత్రి పూట మబ్బు వంక చూస్తూ కాపలా కాశారు. మన ప్రాంతంలో కోతల వేళ ఒక్క వాన పడితే ఏమవుతుందో రైతులకు చెప్పనక్కరలేదు.

అమ్మకందారు ఫోను వల్ల పోయేది రెండు నిమిషాల కాలం మాత్రమే అనుకునేవారు ఈ సంగతి గమనించాలి. వైద్యశాల నుంచి వచ్చే ఫోను, బడి నుంచి పిల్లవాడికి జ్వరం వచ్చిందని చేసే ఫోను, పొలానికి లారీ తెస్తున్న డ్రైవరు ఫోను, ఇవన్నీ తెలియని నంబర్ల నుంచే వస్తాయి. అమ్మకందార్ల రొద ఎక్కువైతే వాటిని కూడా మనం వదులుకుంటాం.

నంబరు మార్చేస్తే పోదా?

కొందరు ఈ సలహా ఇస్తారు. చెప్పడం తేలిక. ఆ నంబరు బ్యాంకు ఖాతాకు కట్టి ఉంది, ఆధార్‌కు కట్టి ఉంది. పీఎం కిసాన్ కోసం ఈ కేవైసీ చేయించుకోవాలంటే రహస్య అంకె దానికే వస్తుంది. గ్యాసు బండ ఇంటికి తెచ్చినప్పుడు కుర్రవాడు అడిగే అంకె కూడా దానికే వస్తుంది. దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉన్న కొడుకుకు తెలిసినది ఆ నంబరే. ఇవన్నీ మార్చుకోవాలంటే ఎన్ని గుమ్మాలు ఎక్కాలో లెక్క వేసుకోండి. ఒకప్పుడు ఊరికి ఒక ఫోను ఉంటే గొప్ప. ఇప్పుడు ఫోను నంబరు ఇంటి పేరు వంటిది అయిపోయింది, ఊరికే మార్చుకునేది కాదు. కనుక దాన్ని కాచుకోవడమే మార్గం.

ఆడవారి విషయంలో ఇది మరీ సున్నితం. పెళ్లీడు పిల్ల జాకెట్టు గుడ్డ కొనడానికి వెళ్లి, పదిమంది వింటుండగా నంబరు బిగ్గరగా చెప్పవలసి రావడం ఎంత మాత్రం బాగుండదు. ఆ నంబరు కౌంటరు వద్ద కుర్రవాడు వింటాడు, వెనుక నిలబడిన ముక్కూ మొహం తెలియనివాడు కూడా వింటాడు. 2017లో ఉత్తరప్రదేశ్‌లో రీఛార్జి దుకాణాల్లో ఆడపిల్లల నంబర్లు అమ్ముకుంటున్నారన్న సంగతి పత్రికల్లో వచ్చి పెద్ద కలకలం రేగింది. దుకాణదారులందరూ అటువంటివారని అనడం లేదు. ఒక్కడు చాలు, ఒక ఇంట్లో నిద్ర లేకుండా చేయడానికి.

నంబరు ఎక్కడెక్కడ జారుతుంది?

పండుగ పేరు చెప్పి పెట్టే లక్కీ డ్రా పెట్టె మొదటిది. సంక్రాంతికి బట్టలు కొంటే ఒక కూపను ఇస్తారు. పేరు, ఊరు, నంబరు రాసి పెట్టెలో వేయమంటారు. బండి వస్తుందనో బంగారు కాసు వస్తుందనో ఆశ. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని కూపన్లు రాసి వేసేవారు ఉన్నారు. పెట్టెలోంచి తీసే చీటీ ఒకటో రెండో, మిగిలిన వందల చీటీలు ఏమవుతున్నాయో ఎవరూ అడగరు. కూపను అడుగున చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో ఒక వాక్యం అచ్చు వేసి ఉండవచ్చు. ‘మీకు ఫోను చేయడానికి ఒప్పుకుంటున్నాను’ అన్నదే దాని సారాంశం అయితే, సంతకం చేసింది మనమే.

రెండవది స్థలాల అమ్మకం. రోడ్డు పక్కన గుడారం వేసి, రంగుల కాగితాలు పంచి, ‘ఊరికే చూసి వెళ్లండి సార్’ అని చల్లని మంచినీళ్లు ఇచ్చి నంబరు రాయించుకుంటారు. కొన్న స్థలం కన్నా, చూసిన స్థలం గురించే ఎక్కువ ఫోన్లు వస్తాయి.

ఇక వేసవి వచ్చిందంటే కాలేజీల వంతు. పదో తరగతి పరీక్ష రాసిన పిల్లవాడు ఇంట్లో ఉంటే, ఫలితాలు రాకముందే ఫోన్లు మొదలు. “మీ అబ్బాయికి మంచి రాయితీ ఇస్తాం, రేపటితో ఆఖరు” అంటారు. రేపు మళ్లీ చేసి రేపటితో ఆఖరు అంటారు. పిల్లవాడి పేరు, చదివిన బడి, తండ్రి పేరు అన్నీ వారికి తెలిసి ఉంటాయి. ఎలా తెలిశాయని అడిగితే సమాధానం ఉండదు. తల్లిదండ్రులు గట్టిగా అడగవలసిన ప్రశ్న మాత్రం అదే.

ఫోనుతో డబ్బు కట్టే పద్ధతిలో కూడా ఒక కిటుకు ఉంది. చాలామంది యూపీఐ ఐడీ మొదట్లో వారి ఫోను నంబరే ఉంటుంది. అటువంటి ఐడీ ఎవరికి చెప్పినా, ఎక్కడ రాసి ఇచ్చినా నంబరు చెప్పినట్లే. నంబరు లేకుండా పేరుతోనో మరొక మాటతోనో ఐడీ పెట్టుకునే వీలు ఆ యాప్‌లలో ఉంటుంది. చదువుకున్న పిల్లలు ఈ మార్పు చేసిపెట్టవచ్చు.

ఫోను చేసే కుర్రవాడి మీద కోపం తెచ్చుకోవడం కూడా అంత న్యాయం కాదని ఈ విలేఖరి అభిప్రాయం. వారిలో చాలామంది మన ఊళ్ల పిల్లలే. రోజుకు ఇన్ని ఫోన్లు చేయాలి, ఇంతమందిని కొట్టుకు రప్పించాలి అని పైవారు లెక్క పెడతారు. లెక్క తప్పితే జీతం తగ్గుతుంది. తిట్టినా వాడు మళ్లీ చేయక తప్పదు, వాడు మానితే మరొకడు చేస్తాడు. తిట్టడం వల్ల మన గొంతు పోవడమే గానీ జాబితాలోంచి మన నంబరు పోదు.

చట్టం ఏమంటుంది?

బిల్లు వేయాలంటే నంబరు కావాలి, కంప్యూటరు ఒప్పుకోదు అని కౌంటరు వద్ద చెప్పే మాట నమ్మవద్దు. జీఎస్టీ నిబంధనల్లో బిల్లు మీద ఏమేమి ఉండాలో రాసి ఉంది. కొట్టు పేరు, దాని జీఎస్టీ సంఖ్య, బిల్లు సంఖ్య, తేదీ, వస్తువు, ధర, పన్ను వంటివన్నీ ఉన్నాయి. కొనేవారి ఫోను నంబరు ఆ జాబితాలో లేదు. కొనుగోలు 50,000 రూపాయలు, ఆపైన అయితే కొనేవారి పేరు, చిరునామా రాయాలని ఉంది. అక్కడ కూడా ఫోను ఊసు లేదు.

2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ విషయమై చిల్లర వర్తకులకు, వ్యాపార సంఘాలకు సూచన పంపింది. నంబరు ఇవ్వనిదే సరుకు ఇవ్వం, బిల్లు ఇవ్వం అనడం అనుచిత వ్యాపార విధానం కిందికి వస్తుందని ఆ శాఖ అప్పటి కార్యదర్శి రోహిత్ కుమార్ సింగ్ బహిరంగంగా చెప్పారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో మరో సంగతి ఉంది. కొనేవారు నమ్మి చెప్పిన సొంత వివరాలను చట్టం అనుమతించిన సందర్భాల్లో తప్ప ఇతరులకు వెల్లడి చేయడం కూడా అనుచిత వ్యాపార విధానమే. అంటే మనం ఒక కొట్టులో ఇచ్చిన నంబరు పక్క వ్యాపారికి చేరితే అది కేవలం మర్యాద తప్పిన పని కాదు, చట్టం తప్పిన పని.

నంబరు కోసం పట్టుబట్టి సరుకు ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఇంకా ముందుకు వెళ్లదలచినవారికి కాకినాడలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపు అయితే అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు.

సొంత వివరాల రక్షణకు 2023 ఆగస్టులో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం కూడా చేసింది. ఏ పనికి నంబరు తీసుకుంటున్నారో ముందు చెప్పాలని, ఆ పనికే వాడాలని, ఇచ్చిన సమ్మతిని ఎంత తేలికగా ఇచ్చామో అంత తేలికగా వెనక్కు తీసుకునే వీలుండాలని అందులో ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అప్పటి ప్రకటన ప్రకారం ముఖ్యమైన భాగాలు అమలు కావడానికి వ్యాపారులకు 18 నెలల గడువు ఇచ్చారు.

కొట్టులో ఏమనాలి?

మన వారికి మొహమాటం జాస్తి. ఎదుటివాడు మర్యాదగా అడిగితే లేదనలేరు. కానీ లేదనడానికి కూడా మర్యాదైన మాటలు ఉన్నాయి. ‘ధర చెప్పండి బాబూ, నచ్చితే నేనే వస్తాను’ అంటే సరిపోతుంది. ఇంకా మంచి పద్ధతి, మన నంబరు ఇవ్వకుండా వారి కార్డు అడిగి తీసుకోవడం. దాని వెనుక వారు చెప్పిన ధర, తేదీ రాయించుకుని జేబులో పెట్టుకోండి. నాలుగు కార్డులు ఇంటికి తెచ్చి ముందు పెట్టుకుంటే బేరం కూడా మన చేతిలో ఉంటుంది. మన ఫోను నుంచి వారికి ఫోను చేస్తే మాత్రం నంబరు వారికి తెలిసిపోతుందని మరవవద్దు. ‘మిస్డ్ కాల్ ఇవ్వండి చాలు’ అని గోడల మీద రాసే ప్రకటనల ఉద్దేశం కూడా అదే.

కొందరు గడుసువారు నంబరులో ఒక అంకె మార్చి చెబుతున్నారు. ఇది తప్పు. ఆ మారిన నంబరు కూడా ఎవరో ఒకరిది అవుతుంది. మన బెడద తెచ్చి ఆ ఇంటి మీద పడవేసినట్లే.

నంబరు ఇవ్వక తప్పని చోట్లు ఉన్నాయి. మోటారు సైకిలు రిజిస్ట్రేషను, గ్యాసు, బ్యాంకు వంటివి అటువంటివి. ఫ్రిజ్జో మోటారో కొన్నప్పుడు బిగించడానికి మనిషి ఇంటికి రావాలంటే నంబరు కావలసిందే. అటువంటప్పుడు ‘బిగింపుకూ మరమ్మతుకూ మాత్రమే, అమ్మకాలకు చేయవద్దు’ అని వారి కాగితం మీదే మన చేత్తో రాసి ఇవ్వవచ్చు. ఈ పని చేసినవారిని కొట్టువారు కాస్త వింతగా చూస్తారు. చూడనివ్వండి.

విచారణల కోసం విడిగా రెండో సిమ్ము పెట్టుకునేవారు కూడా ఉన్నారు. పాత బొత్తాముల ఫోనులో దాన్ని వేసి, అవసరమైనప్పుడు తెరిచి, లేనప్పుడు కట్టి పెట్టుకుంటారు. ఉపాయం బాగానే ఉంది గానీ, ఆ నంబరును పొరపాటున కూడా బ్యాంకుకు ఇవ్వవద్దు. రీఛార్జి చేయక నంబరు రద్దయితే, 90 రోజుల గడువు దాటిన తర్వాత కంపెనీ దాన్ని మరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మన బ్యాంకు సందేశాలు ఆ మరొకరికి వెళ్తాయి.

1909ను గుర్తు పెట్టుకోండి

ఇప్పటికే నంబరు పదిమంది చేతుల్లో పడినవారి సంగతి ఏమిటి? వారికి దారి 1909. అవాంఛిత అమ్మకపు ఫోన్లను ఆపే పట్టికను టెలికం నియంత్రణ సంస్థ 2007లోనే మొదలుపెట్టింది. 2011 సెప్టెంబరు నుంచి నిబంధనలు గట్టివయ్యాయి. 2018లో కొత్త నిబంధనలు వచ్చాయి, 2025 ఫిబ్రవరిలో వాటిని మరింత బిగించారు. మన ఫోను నుంచి 1909కు ఫోను చేసి గానీ, ఇంగ్లీషులో స్టార్ట్ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, సున్నా వేసి సందేశం పంపి గానీ ఆ పట్టికలో చేరవచ్చు. అన్నీ వద్దనవచ్చు, లేదా స్థలాలు, అప్పులు, చదువులు వంటి కొన్ని రకాలే వద్దనవచ్చు. బ్యాంకు ఖాతా సందేశాలు, గ్యాసు సందేశాలు వంటివి దీనివల్ల ఆగవు.

పట్టికలో చేరినా ఫోన్లు వస్తున్నాయే అని అడిగేవారు ఉన్నారు. నిజమే, వస్తాయి. పద్ధతి ప్రకారం అమ్మకం ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలి. బ్యాంకులు, బీమా సంస్థలు తమ ఖాతాదారులకు చేసే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. పద్ధతి పాటించనివారు మామూలు పది అంకెల సిమ్ముతో చేస్తారు. మనల్ని ఎక్కువగా వేధించేది వీరే. వీరి మీద ఫిర్యాదు చేయడానికి మనం పట్టికలో చేరి ఉండనక్కర కూడా లేదు. వేర్వేరు మనుషుల నుంచి 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వెళ్తే ఆ నంబరు మీద చర్య మొదలు కావాలి. 2025 సవరణకు ముందు ఇది 7 రోజుల్లో 10 ఫిర్యాదులుగా ఉండేది. అంటే ఒకే నంబరు ఊళ్లో ఐదిళ్లకు మోగితే, ఐదిళ్ల వారూ ఫిర్యాదు చేస్తే చాలు. రచ్చబండ దగ్గర కూర్చుని ‘వాడు నీకూ చేశాడా?’ అని చెప్పుకునేబదులు ఆ పని చేయవచ్చు.

మరో మెలిక ఉంది. పట్టికలో చేరిన తర్వాత కూడా, మనం ఏదైనా కొట్టుకు స్వయంగా ఒప్పుకోలు ఇచ్చి ఉంటే వారు ఫోను చేయవచ్చు. లక్కీ డ్రా కూపను అడుగున చిన్న అక్షరాల పని అదే. ఆ ఒప్పుకోలును వెనక్కు తీసుకోవచ్చు. తీసుకున్న తర్వాత 90 రోజుల వరకు వారు మళ్లీ ఒప్పుకోలు అడగరాదు.

ఫోనుకు వచ్చే సందేశాల్లో పంపినవారి పేరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉండడం మీరు చూసి ఉంటారు. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. 2025 నుంచి ఈ గుర్తులు వచ్చాయి. పీ అని ఉంటే చదవకపోయినా నష్టం లేదు.

అమ్మకం పేరుతో మొదలై, ఆధార్ నంబరు, రహస్య అంకె అడిగే దాకా పోతే అది అమ్మకం కాదు, దొంగతనం. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. డబ్బు పోకపోయినా, మోసపు ఫోను అని అనుమానం వస్తే సంచార్ సాథీలోని ‘చక్షు’ విభాగంలో తెలపవచ్చు. 2024 మార్చి నుంచి అది పని చేస్తోంది.

1909కు ఫిర్యాదు ఇచ్చేటప్పుడు మూడు సంగతులు కావాలి. ఏ నంబరు నుంచి వచ్చింది, ఏ తేదీన వచ్చింది, ఏమి అమ్మబోయారు. ఫోను వచ్చిన 7 రోజుల లోపు ఇవ్వాలి. పద్ధతి లేకుండా మామూలు సిమ్ముతో చేసినవారి మీద కంపెనీ 5 రోజుల్లో చర్య తీసుకోవాలి. కనుక విసుగు పుట్టి ఆ నంబరును ఫోనులోంచి చెరిపివేయకండి. చదవడం రాని పెద్దవారు ఉంటే, సాయంత్రం పూట ఇంట్లో పిల్లల చేత ఆ నంబరు, తేదీ ఒక కాగితం మీద రాయించి పెట్టుకుంటే, మరునాడు తీరిగ్గా 1909కు ఫోను చేయవచ్చు. ఆ ఫోనుకు డబ్బు పడదు.